మన ఇంటి కంప్యూటరుకి లైనక్స్ సరిపడుతుందా?

(కువైట్‌లో తెలుగువారి శుక్రవారం సభలో చేసిన ప్రసంగ పాఠం)



శుక్రవారం మధ్యాహ్నం, కడుపునిండా భోజనం చేసి వచ్చినవాళ్ళ ముందు కంప్యూటర్ల గురించి మాట్లాడమనడం వక్తకీ శిక్షే, శ్రోతలకీ శిక్షే. అందుకని కార్యవర్గం వారు నాకిచ్చిన ప్రశ్నా, దానికి నా జవాబూ మొదటే చెప్పేస్తాను. ఆ తర్వాత నిద్ర వచ్చినవాళ్ళు నిశ్చింతగా కునుకు తీయవచ్చు. ప్రశ్న ఏమిటంటే, లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం మనలాంటి మామూలు ఇళ్ళకి సరిపడుతుందా అని. జవాబు: ఈ హాల్లో ఉన్నవాళ్ళలో దాదాపు సగంమందికి హాయిగా సరిపడుతుంది. మిగతా సగం దాని జోలికి పోకపోవడమే మంచిది. ఎవరు ఏ సగంలో ఉన్నారన్నది కంప్యూటరుని చూస్తే తెలియదు. దాంతో మీరు చేసే పనులేమిటి, అది మొరాయిస్తే మీరు ఎవరికి ఫోన్ చేస్తారు, ఈ రెండూ చెబితే నేను చెప్పగలను.

ఈ ప్రశ్న ఇప్పుడెందుకు వచ్చిందో కొందరికి తెలిసే ఉంటుంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. ఇళ్ళలో వాడుకునేవాళ్ళకి 2026 అక్టోబరు దాకా భద్రతా సవరణలు అందే ఏర్పాటు ఒకటి పెట్టారు గాని, అది వాయిదా మాత్రమే. పోనీ విండోస్ 11కి వెళ్దామంటే దానికి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే ఇంచుమించు ఎనిమిదో తరం నుంచి మొదలవ్వాలి. ఆ తరం 2017లో వచ్చింది. అంటే 2015లోనో 2016లోనో జీతంలో మిగిల్చి కొనుక్కున్న లాప్‌టాప్, తెర బాగానే ఉన్నా, కీబోర్డు బాగానే ఉన్నా, అధికారికంగా పక్కన పెట్టేయవలసిందే.

మన ఇళ్ళలో అలాంటివి తక్కువేమీ కావు. 2020లో కరోనా వచ్చి క్లాసులు తెరమీదికి ఎక్కినప్పుడు, ఇంటికి ఒకటి ఉన్న లాప్‌టాప్ ఇద్దరు పిల్లలకి చాలక ఎంతమంది అవస్థపడ్డామో గుర్తుందిగా. ఆ తర్వాత హవల్లిలో ఇబ్న్ ఖల్దూన్ వీధి దుకాణాల్లోనూ, అల్ రాయ్ శుక్రవారం సంతలోనూ పాతవి బేరమాడి తెచ్చుకున్నాం. అవన్నీ ఇప్పుడు ఒక్కసారిగా ముసలివైపోయాయి. కొత్తవి కొనుక్కోగలిగినవాళ్ళు కొనుక్కుంటారు. ఇంటికి పంపాల్సిన డబ్బు, పిల్లల ఫీజు, అకామా ఖర్చు లెక్కేసుకునేవాళ్ళకి మాత్రం ఇది నిజమైన సమస్య.

ముందు ఈ ‘ఉచితం’ సంగతి తేల్చుకుందాం. ఇంగ్లీషులో ఉచితానికీ స్వేచ్ఛకీ ఒకే మాట ఉండటంవల్ల వాళ్ళు ఏళ్ళ తరబడి వివరణలు ఇచ్చుకుంటున్నారు. మనకా ఇబ్బంది లేదు, రెండు మాటలున్నాయి. లైనక్స్‌లో అసలు విషయం స్వేచ్ఛ. డబ్బు అక్కర్లేకపోవడం దాని వెంట వచ్చేది. పక్కింటావిడని గిన్నె పట్టుకెళ్ళి తోడు అడుగుతాం చూడండి, అలాంటిది. చెంచాడు పెరుగు ఇచ్చినంతమాత్రాన ఆవిడ ఇంట్లో పెరుగు అయిపోదు. మీరు పాలు కాచి తోడేసుకుంటారు. ఆ పెరుగుని మజ్జిగ చేసుకున్నా, మీగడ తీసి నెయ్యి చేసుకున్నా, చివరికి అమ్ముకున్నా ఆవిడ అడ్డు చెప్పదు. ఒక్కటే షరతు. రేపు మీ పెరుగు పుచ్చుకున్నవాళ్ళు ఇంకొకరికి తోడు ఇస్తామంటే మీరు కాదనకూడదు. అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు, 1989లో ఆయన రాసిన జీపీఎల్ అనే లైసెన్సు చెప్పేది ఇంచుమించు ఇదే. 1991లో ఫిన్లాండులో హెల్సింకి విశ్వవిద్యాలయం విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన సరదా కోసం ఒక కెర్నెల్ రాసి, మరుసటి ఏడాది దాన్ని ఆ లైసెన్సు కిందికి తెచ్చాడు. రెండూ కలిసి ఇప్పుడు మనం లైనక్స్ అంటున్నది తయారైంది. ఉబుంటు, మింట్, ఫెడోరా, డెబియన్ అని రకరకాల పేర్లు వినిపిస్తుంటాయి. ఒకే బియ్యంతో పులిహోర చేస్తారు, దద్దోజనం చేస్తారు, పొంగలి చేస్తారు. అంతే తేడా.

“ఊరికే ఎందుకిస్తారు సార్, ఏదో మతలబు ఉంటుంది” అని మన పెద్దలు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. సాఫ్ట్‌వేరు ఊరికే ఇచ్చి, దాన్ని నడిపిపెట్టే సేవకి కంపెనీల దగ్గర డబ్బు తీసుకునే వ్యాపారం ఇది. అందులో పేరుమోసిన రెడ్‌హ్యాట్ కంపెనీని 2019లో ఐబీఎం 34 బిలియన్ డాలర్లకు కొన్నది. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లూ లైనక్స్ మీదే నడుస్తున్నాయి. మీ జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నదీ లైనక్స్ కెర్నెలే. కాబట్టి లైనక్స్ వాడటం మీకు రాదని ఎవరూ అనలేరు, పొద్దున్న లేచిన దగ్గర్నుంచి వాడుతూనే ఉన్నారు. అయితే ఫోన్‌లో బాగుంది కాబట్టి ఇంటి కంప్యూటరులోనూ బాగుంటుందని వాదించేవాళ్ళ మాట నమ్మకండి. ఫోన్‌ని ఒక కంపెనీ అన్నీ సరిచూసి చేతిలో పెడుతుంది. పాత లాప్‌టాప్‌కి ఆ పని ఎవరూ చేసి పెట్టరు.

ఇక్కడ ఒక మాట అనుకోవాలి. ఇరవై ఏళ్ళుగా ఉచితం ఉచితం అని చెబుతున్నా లైనక్స్ మనవాళ్ళని ఎందుకు ఊరించలేదు? 2004లో ఉబుంటు మొదలయ్యాక సీడీలు ప్రపంచమంతా పోస్టులో ఊరికే పంపేవారు. 2011 దాకా ఆ సేవ నడిచింది. మా ఆఫీసు పోస్టు బాక్సుకి వచ్చిన అట్ట కవర్లు మిత్రులకి పంచితే చాలామంది వాటిని టీ కప్పుల కింద పెట్టుకున్నారు. కారణం తేలిక. మనకి విండోస్ కూడా ఉచితంగానే దొరికింది! ఆ రోజుల్లో కంప్యూటరు అసెంబుల్ చేయిస్తే, హైదరాబాదైనా కువైటైనా, విండోస్, ఆఫీసు, ఫొటోషాప్ అన్నీ కొసరుగా వేసి ఇచ్చేవాళ్ళు. కూరగాయల కొట్లో కరివేపాకు వేసినట్టు. దాన్ని దొంగతనమని ఎవరూ అనుకోలేదు. కువైట్‌లో కాపీరైట్ చట్టం 1999లోనే వచ్చింది, 2019లో దాన్ని కొత్తగా రాశారు. చట్టం సంగతి అలా ఉంచండి, ఆ కొసరుకి అసలు ధర ఎప్పుడు కడతామో చెబుతాను.

ఫర్వానియాలో ఉండే ఒక తమ్ముడు, ఏసీలు బిగించే కంపెనీలో స్టోర్‌కీపరు. సంతలో లాప్‌టాప్ కొన్నాడు. విండోస్ యాక్టివేట్ కాలేదని మూలన అక్షరాలు కనిపిస్తుంటే, యూట్యూబ్‌లో చూసి ఒక చిన్న ప్రోగ్రాం దింపుకున్నాడు. అది నడవాలంటే యాంటీవైరస్ ఆపమని దాని పక్కనే రాసి ఉంది. ఆపాడు. మూలన అక్షరాలు పోయాయి, సంతోషించాడు. మూడు వారాల తర్వాత రాజంపేటలో ఉన్న వాళ్ళ మేనమామకి ఇతని ఫేస్‌బుక్ నుంచి మెసేజి వెళ్ళింది: “మామా, ఇక్కడ ఇబ్బందిలో ఉన్నాను, ఫోన్ చెయ్యొద్దు, అర్జెంటుగా పదిహేను వేలు పంపు” అని. మేనల్లుడు పరాయి దేశంలో ఉన్నాడు, ఆపద అంటున్నాడు. ఆ పెద్దాయన ఇంకేం ఆలోచిస్తాడు? పంపాడు. మర్నాడు ఇంకో పదిహేను పంపాడు. అబ్బాయి బ్రౌజరులో దాచుకున్న పాస్‌వర్డులన్నీ ఆ ప్రోగ్రాం ఎప్పుడో ఎత్తుకుపోయింది. ఈమెయిలు కూడా పోయింది గనక, బ్యాంకు ఖాతా పాస్‌వర్డు మార్చే ప్రయత్నం కూడా జరిగింది. ఓటీపీ ఫోనుకి రాబట్టి అక్కడ ఆగింది. ముప్పై వేల కంటే మేనమామ ముందు తలెత్తుకోలేకపోవడమే ఆ అబ్బాయిని ఎక్కువ కుంగదీసింది. “నేనడిగితే మాత్రం పంపకపోయేవాడా అన్నా, నా పేరు చెప్పి ఎవడో తినిపాయె” అన్నాడు.

ఇందులో విండోస్ తప్పేమీ లేదు. తాళం తీయడానికి పిలిచినవాడు ఇంట్లోనే మకాం పెట్టాడు, అంతే. ఆ లాప్‌టాప్‌ని పూర్తిగా తుడిచి లైనక్స్ మింట్ వేశాం. దానికి తాళాలు పగలగొట్టే పని లేదు. కావలసిన ప్రోగ్రాములు ఒకే చోట, వాళ్ళు సరిచూసి పెట్టిన కొట్లోంచి వస్తాయి. ఏ వెబ్‌సైటు నుంచో దింపుకోవడం చాలావరకు తప్పుతుంది. ఇప్పుడు నడుస్తున్న మింట్ 22 వరుసకి 2029 ఏప్రిల్ దాకా సవరణలు వస్తాయి. అలాగని లైనక్స్ వేస్తే మోసాలు అంటవనుకోవద్దు. పోలీసులమనో బ్యాంకువాళ్ళమనో ఫోన్ చేసి ఓటీపీ అడిగేవాడికి మీరు ఏ ఆపరేటింగ్ సిస్టం వాడుతున్నారన్నది అనవసరం. నంబరు మీ నోటితో చెబితే ఏ సిస్టం కాపాడదు.

తెలుగు సంగతికి వద్దాం. నాకు ఇష్టమైన భాగం గనక కొంచెం సాగదీస్తాను, క్షమించాలి.

మనం కూర్చున్న ఈ దేశానికి కంప్యూటర్ల చరిత్రలో ఒక గొప్ప పేజీ ఉందని మనలో చాలామందికి తెలియదు. 1980లలో మహమ్మద్ అల్ షారిఖ్ అనే కువైటీ ఆయన అల్ ఆలమియా కంపెనీ తరఫున ‘సఖర్’ అనే పేరుతో అరబ్బీ కంప్యూటర్లు తెచ్చాడు. జపాను నుంచి వచ్చిన ఎంఎస్ఎక్స్ రకం యంత్రాలకి అరబ్బీ నేర్పించాడు. కుడి నుంచి ఎడమకి రాయడం, పక్క అక్షరాన్ని బట్టి అక్షరం రూపు మారడం, పిల్లలు అరబ్బీలోనే బేసిక్ ప్రోగ్రాములు రాసుకోవడం, అన్నీ. ఆ తరం కువైటీలని కదిపితే, చిన్నప్పుడు ఇంట్లో సఖర్ ఉండేదని కళ్ళు మెరుస్తుండగా చెబుతారు. 1990 ఆగస్టులో ఇరాక్ దురాక్రమణ తర్వాత ఆ కంపెనీ పని కైరోకి తరలిపోయింది. అల్ షారిఖ్ 2024లో కన్నుమూశాడు. యంత్రం దానంతటదే మన భాష నేర్చుకోదు. ఎవరో ఒకరు కూర్చుని నేర్పాలి.

తెలుగుకి ఆ కూర్చున్నవాళ్ళు ఎవరు? విండోస్‌లో తెలుగు అక్షరం సరిగ్గా కుదురుకున్నది 2001లో వచ్చిన ఎక్స్‌పీ దగ్గర, గౌతమి ఫాంటుతో. అంతకుముందు, ఆ తర్వాత కూడా, ఎవరి ఫాంటు వాళ్ళది. ఒకరు టైపు చేసింది మరొకరి కంప్యూటరులో గజిబిజిగా కనిపించేది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఊరికే పంచిపెట్టారు. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న మన కుర్రాళ్ళు, ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు పడే ఆర్‌టీఎస్ పద్ధతి తయారు చేశారు. ఈ రోజు లైనక్స్‌లో తెలుగు కీబోర్డు పెట్టుకుందామని వెళితే ఆ జాబితాలో ఇన్‌స్క్రిప్ట్ పక్కన ఆర్‌టీఎస్ ఉంటుంది, పోతన ఉంటుంది. దేశం దాటి వచ్చిన తెలుగువాళ్ళు చేసిన పని లోకంలో ఎవరైనా వాడుకునేలా అందులో కలిసిపోయింది. 2000ల మధ్యలో హైదరాబాదులో ‘స్వేచ్ఛ’ పేరుతో విద్యార్థులు, ఉద్యోగులు జట్టుకట్టి మెనూలతో సహా తెలుగులో ఉండే లైనక్స్ తెచ్చారు. సీ-డాక్ వారి బాస్ లైనక్స్‌లోనూ తెలుగు ఉంది. ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు కాబట్టే ఇవి జరిగాయి. కంపెనీ సొత్తైన వ్యవస్థలో మన భాషకి ఎంత మార్కెట్ ఉందో కంపెనీ లెక్కేసుకునేదాకా ఆగాలి.

ఇంత చెప్పాక నిజం కూడా చెప్పాలి. తెలుగు మెనూలు పెట్టి ఇచ్చిన ఇళ్ళలో నెల తిరక్కుండా తిరిగి ఇంగ్లీషులోకి మార్చుకున్నవాళ్ళే ఎక్కువ. ‘దస్త్రం’, ‘సవరించు’ అని ఉంటే మనవాళ్ళు తికమకపడతారు, ‘ఫైల్’, ‘ఎడిట్’ అంటే ఠక్కున తెలుస్తుంది. ఇది అనువాదకుల తప్పు కాదు, మన అలవాటు. చదవడం, రాయడం విషయంలో మాత్రం ఏ లోటూ లేదు. యూనికోడ్ తెలుగు ఇప్పుడు ఏ లైనక్స్‌లోనైనా చక్కగా కనిపిస్తుంది.

అయితే సావనీర్లు వేసే మిత్రులు ఇప్పటికే మొహం చిట్లిస్తున్నారు, చూస్తున్నాను. వాళ్ళ బాధ న్యాయమైనదే. తెలుగు డీటీపీ ప్రపంచం ఇప్పటికీ చాలావరకు అను ఫాంట్ల మీద బతుకుతోంది. అవి యూనికోడ్ కావు, వాటి కీబోర్డు ప్రోగ్రాం విండోస్‌దే. 2001లో ఆఖరి వెర్షను వచ్చిన పేజ్‌మేకర్‌ని వదలలేని ఆపరేటర్లు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. లైనక్స్‌లో స్క్రైబస్ అనే పేజీలు కట్టే ప్రోగ్రాం ఉంది. 2024లో వచ్చిన 1.6 వెర్షనులో తెలుగు గుణింతాలు, ఒత్తులు సరిగ్గా పడుతున్నాయి. సరదాకి ప్రయత్నించండి. ప్రెస్సువాడు రేపు పొద్దున్నకల్లా ఫైలు కావాలన్నప్పుడు మాత్రం ప్రయోగాలు వద్దు.

సరిపడని సగం గురించి మాట్లాడుతున్నాం కాబట్టి మిగతావీ చెప్పేస్తాను. దుకాణం లెక్కలు ట్యాలీలో రాసుకునేవాళ్ళు విండోస్‌లోనే ఉండండి. పిల్లలు అమెరికా చదువులకి శాట్ రాయబోతుంటే, ఆ పరీక్ష 2023 నుంచి మన వైపు కంప్యూటరు మీదే జరుగుతోంది. దాని ప్రోగ్రాం విండోస్, మ్యాక్, ఐప్యాడ్‌లకి ఉంది గాని లైనక్స్‌కి లేదు. ఇంటి నుంచి కెమెరా ముందు కూర్చుని రాసే పరీక్షల నిఘా సాఫ్ట్‌వేర్లు కూడా ఎక్కువ అంతే. లైసెన్సు పరీక్షలకి చదువుకుంటున్న మన నర్సు చెల్లెళ్ళు ఇది ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. ఆదాయపు పన్ను రిటర్ను ఆన్‌లైన్‌లో వేయడానికి బ్రౌజరు చాలు. ఆఫ్‌లైన్ యుటిలిటీ కావాలంటే మాత్రం విండోస్ ఉండాలి. ఆటల్లో స్టీమ్‌వాళ్ళు 2018 నుంచి ప్రోటాన్ అనే దాంతో చాలా ఆటలు లైనక్స్‌లో ఆడిస్తున్నారు. వాలొరంట్, ఫోర్ట్‌నైట్ మాత్రం ఆడవు. ఆ రెంటిలో ఒకటి ఆడే అబ్బాయి ఇంట్లో ఉంటే మీరు లైనక్స్ మాట ఎత్తగానే సత్యాగ్రహం మొదలవుతుంది. ప్రింటర్లలో కొన్ని పెట్టగానే పనిచేస్తాయి, కొన్ని చవక లేజర్లు ఏం చేసినా కదలవు. కొనేముందే మోడలు నంబరుతో వెతికి చూసుకోవాలి.

ఇక సరిపడే సగం ఎవరు? పేపర్లు చదివేవాళ్ళు, యూట్యూబ్ చూసేవాళ్ళు, బ్యాంకు, ఈమెయిలు, వాట్సాప్ వెబ్, జూమ్ వాడేవాళ్ళు, ఉత్తరాలు, లెక్కల పట్టికలు లిబ్రే ఆఫీసులో రాసుకోగలిగేవాళ్ళు. కువైట్‌లో సర్కారు పనులు చాలావరకు ఫోనులోకి వెళ్ళిపోయాయి. 2021లో సహెల్ యాప్ వచ్చాక మరీను. సివిల్ ఐడీ కూడా ఫోనులోనే చూపిస్తున్నాం. ఇంటి కంప్యూటరుకి మిగిలిన పని నూటికి ఎనభై వంతులు బ్రౌజరులోనే. అలాంటి ఇంటికి నాలుగు జీబీ మెమరీ ఉన్న పాత లాప్‌టాప్‌లో హార్డ్‌డిస్కు తీసి చిన్న ఎస్ఎస్‌డీ బిగించి మింట్ వేస్తే ఇంకో నాలుగేళ్ళు గడిచిపోతుంది. ఇక్కడికి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న ఒక పెద్దాయనకి అలా చేసి ఇచ్చి రెండున్నరేళ్ళయింది. ఆయన నాకు ఒక్కసారే ఫోన్ చేశారు, అదీ పేపరు వెబ్‌సైటు తెరుచుకోవడం లేదని. ఆ రోజు వాళ్ళింట్లో ఇంటర్నెట్టే లేదు.

కంపెనీలు, ప్రభుత్వాలు ఏం చేశాయని అడుగుతారు. జర్మనీలో మ్యూనిక్ నగరం 2003లో లైనక్స్‌కి మారాలని నిర్ణయించి, దాదాపు పదిహేను వేల కంప్యూటర్లు మార్చి, 2017లో మళ్ళీ విండోస్‌కి వెళ్ళాలని తీర్మానించింది. మన దేశంలోనే కేరళలో 2001లో మొదలైన ఐటీ@స్కూల్ 2000ల రెండో సగంలో పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకి మారి, ఇప్పుడు కైట్ పేరుతో అలాగే సాగుతోంది. వాళ్ళ సర్కారు బడిలో పదో తరగతి పిల్లలు ఐటీ పరీక్ష లైనక్స్ మీదే రాస్తారు. నా అంచనాలో కేరళలో నిలబడటానికి కారణం, వాళ్ళు ముందు టీచర్లకి నేర్పారు, పాఠ్యపుస్తకం దానికి తగ్గట్టు రాశారు, జిల్లా జిల్లాకీ అడిగితే చెప్పే మనిషిని పెట్టారు. మా ఆఫీసులో మలయాళీ సహోద్యోగులకి లైనక్స్ అంటే వింత లేదు. మనవైపు అమీర్‌పేటలో లైనక్స్ వీధి వీధినా నేర్పుతారు గాని, అది ఉద్యోగం కోసం. కోర్సు పూర్తి చేసిన కుర్రాడు ఇంటికెళ్ళి విండోస్‌లో కూర్చుంటాడు. నాతో పనిచేసే తెలుగువాళ్ళలో పగలంతా లైనక్స్ సర్వర్లు నడిపి, ఇంట్లో దాని ఊసెత్తనివాళ్ళే ఎక్కువ.

ఇక అన్నిటికంటే ముఖ్యమనుకుంటున్నది. మనం వాడిన లాప్‌టాప్ చివరికి ఎక్కడికి వెళుతుంది? సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకుని రాయచోటికో, పులివెందులకో, రాజోలుకో తీసుకెళతాం. తమ్ముడి కొడుక్కో, కూతురికో ఇస్తాం. అక్కడ అది ఆగిపోతే బస్టాండు పక్క మొబైలు, కంప్యూటరు షాపుకి వెళుతుంది. ఆ షాపబ్బాయి లైనక్స్ చూసి “ఇదేదో తేడాగా ఉందన్నా” అని, మూడు వందలో నాలుగు వందలో తీసుకుని, తుడిచేసి, తన దగ్గరున్న దొంగ విండోస్ ఎక్కించి ఇస్తాడు. దాంతోపాటే, ఇందాక చెప్పిన ఫర్వానియా తమ్ముడి ఇంటికొచ్చిన చుట్టం అక్కడికీ చేరుతుంది. ఫొటోలు పోతాయి. నేను చూసినంతలో ఊరికి వెళ్ళిన లైనక్స్ కంప్యూటర్లకి జరిగేది ఇదే. సాఫ్ట్‌వేరు ఎంత గొప్పదైనా, చుట్టుపక్కల దాన్ని ఎరిగినవాడు ఒక్కడు లేకపోతే అది ఆ ఊళ్ళో బతకదు.

రాయచోటి దగ్గరి పల్లెకి చెందిన ఒక అన్న, ఇక్కడ ఒక ఇంట్లో డ్రైవరు. కూతురికి పంపడానికి లాప్‌టాప్ తెచ్చి, “నీ లైనక్సేదో ఎక్కియ్యి సామీ, వైరస్‌లు రావంట గదా” అన్నాడు. అమ్మాయి ఏం చదువుతోందని అడిగాను. కడపలో బీకాం కంప్యూటర్సట. అంటే ట్యాలీ ఉంటుంది, ప్రాక్టికల్స్‌లో ఎక్సెల్ ఉంటుంది. ఆ మోడలు కాస్త కొత్తది, పదకొండుకి తగినదే. “అన్నా, ఈ అమ్మాయికి లైనక్స్ వద్దు, అసలు విండోస్ లైసెన్సే కొందాం” అన్నాను. ఆయన రెండు నిమిషాలు మాట్లాడలేదు. దినార్లని రూపాయల్లోకి మార్చుకుంటున్నాడని మొహం చూస్తే తెలుస్తోంది. చివరికి కొన్నాడు. ఆ అమ్మాయి డిగ్రీ అయి, ఇప్పుడు మదనపల్లెలో ఒక ఆడిటర్ దగ్గర పనిచేస్తోంది. లైనక్స్ అంటే ప్రాణం పెట్టే నేను ఆ రోజు లైనక్స్‌కి వ్యతిరేకంగా సలహా ఇచ్చాను. అవసరమైతే రేపూ ఇస్తాను.

చూడాలనుకునేవాళ్ళు ఉన్న విండోస్‌ని తీసేయనక్కర్లేదు. ఎనిమిది జీబీ యూఎస్‌బీ స్టిక్కులో మింట్ పెట్టి, దాని నుంచే కంప్యూటరు మొదలుపెడితే, లోపలి డిస్కుని ముట్టుకోకుండా అంతా నడుస్తుంది. వైఫై వస్తోందా, శబ్దం వస్తోందా, కెమెరా, ప్రింటరు పనిచేస్తున్నాయా, మీ బ్యాంకు సైటు తెరుచుకుంటోందా చూసుకోండి. స్టిక్కు నుంచి కాస్త నెమ్మదిగా ఉంటుంది, దాన్ని బట్టి తీర్పు చెప్పకండి. ఒక వారం అలా వాడి, ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, అప్పుడు నిర్ణయించుకోండి. ఎక్కించాలనుకుంటే ముందు ఫొటోలు వేరే డిస్కులోకి తీసిపెట్టుకోవడం తప్పనిసరి. మా ఇంట్లో అయితే నేను సిస్టం ముట్టుకుంటున్నానంటే మా ఆవిడ పెళ్ళి ఫొటోల డిస్కు తీసి బీరువాలో పెట్టి తాళం వేస్తుంది.

సభ తర్వాత వచ్చిన ప్రశ్నల్లో ఒకటి ఇక్కడ చేరుస్తున్నాను. తూర్పు గోదావరి నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా ఒక కువైటీ ఇంట్లో పనిచేస్తున్న అక్క లేచి అడిగింది: “తమ్ముడూ, వచ్చే నెల కాన్సిల్ మీద వెళ్ళిపోతున్నాను. మా మామ పాత లాప్‌టాప్ ఇచ్చింది. నాకు ఇంగ్లీషు రాదు. పాటలు చూడాలి, బెంగుళూరులో ఉన్న మా అబ్బాయితో తెరమీద మాట్లాడాలి. మా ఊళ్ళో బాగుచేసేవాళ్ళు లేరు. నీదే వెయ్యమంటావా?”

అబ్బాయి ఏం పని చేస్తాడని అడిగాను. ఒక కంపెనీలో సర్వర్లు చూస్తాడట. అయితే వేద్దాం అన్నాను. ఆగిపోతే అబ్బాయి బెంగుళూరు నుంచే దూరపు తెర ప్రోగ్రాంతో లోపలికి వచ్చి సరిచేయగలడు, దానికి లైనక్స్ అడ్డు కాదు. ఆమె విషయంలో మెనూలు కూడా తెలుగులోనే పెడదాం, ఫైల్ అంటే ఏమిటో ఆమెకి అలవాటయ్యే అవసరమే రాలేదు గనక దస్త్రం అంటేనే తేలిగ్గా తెలుస్తుంది. వచ్చే శుక్రవారం లాప్‌టాప్ తీసుకురమ్మన్నాను. ఛార్జరు కూడా తెమ్మన్నాను. “ఛార్జరు ఇవ్వలేదు తమ్ముడూ” అంది. దాని కోసం మాత్రం హవల్లి వెళ్ళాలి.